మా తాత వదులుకున్న మాట

నా చిన్నప్పటి బెంగళూరులో నాకు బాగా తెలిసిన చోటు నగర్తపేటలో ఒక ఇరుకు మేడ మీది గది. అక్కడ మా తాత కోట్లు కుట్టేవాడు. మొత్తం కోటు ఆయన చేతిలో తయారయ్యేది కాదు. కత్తిరించేది ఒకరు, లోపలి అస్తరు వేసేది ఒకరు, కాజాలు తీసేది ఇంకొకరు. మా తాత పని జేబులు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. అమ్మ ఆనేకల్ దగ్గర మగ్గాల షెడ్డులో పనిచేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చి చూసి వెళ్ళేది. అందుకని బడి వదలగానే నేను ఆ గదికి వెళ్ళి, తాత మిషను పక్కన కూర్చునేదాన్ని.

కోటుకు ఎడమ రొమ్ము మీద చేతిరుమాలు పెట్టుకునే జేబు ఉంటుంది కదా. దాని నోటి దగ్గర వేలెడు వెడల్పున ఒక పట్టీ కొంచెం లేచి కనిపిస్తుంది. దాన్ని తాత వెల్టు అనేవాడు. వయసులో ఉన్నప్పుడు కంటోన్మెంటులో ఒక ముసలి టైలరు దగ్గర నేర్చుకున్న మాట అది. తాతకు ఇంగ్లీషు రాదు. వచ్చిన నాలుగు ముక్కల్లో ఈ మాటంటే మాత్రం ఎందుకో ముద్దు. చెయ్యి ఎక్కువగా పోయేచోటే గుడ్డకు ముందు పోగులు లేస్తాయని, అందుకే అక్కడ మడిచి గట్టిగా కుట్టాలని చెప్పేవాడు. పనికిరాని పీలికలు, ఒక సుద్దముక్క నాకిచ్చి వెల్టు గీయమనేవాడు. వంకరగా గీసినా బాగుండాదనేవాడు.

నన్ను ఇంగ్లీషు మీడియంలో వేయాలన్నది ఆయన పట్టుదల. మాకు అందే బడి కాదది. బడి కమిటీలో ఉన్న ఒక పెద్దాయన కోట్లు ఆ గదిలోనే తయారయ్యేవి కాబట్టి తాత ఆయన గడప తొక్కి తొక్కి సీటు సంపాదించాడు. తీరా చేరాక అక్కడ నేను నోరెత్తేదాన్ని కాదు. మిగతా పిల్లలు ఇళ్ళల్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుకునేవాళ్ళు. నాకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఇంగ్లీషు నాకు పుస్తకంలో తప్ప ఎక్కడా ఎదురయ్యేది కాదు.

ఒకరోజు ఇంగ్లీషు మిస్సు పాఠం చదువుతోంది. అందులో ఒక కూలివాడు చొక్కా విప్పితే వీపు నిండా వెల్టులు కనిపించాయని ఉంది. ఆ మాటకు అర్థం ఎవరైనా చెప్పగలరా అని ఆమె అడిగింది. క్లాసులో ఒక్క చెయ్యీ లేవలేదు. నాకు తెలిసిన మాట. ఆ బడిలో చేరాక మొదటిసారి చెయ్యెత్తాను. కోటు జేబుకు కుట్టే పట్టీ అని, వచ్చీరాని ఇంగ్లీషులో, చేత్తో నా రొమ్ము మీద చూపిస్తూ చెప్పాను. వీపు నిండా జేబులా అని ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను ఎగతాళి చేస్తున్నాననుకుంది మిస్సు. కూర్చోమంది. నేను కూర్చోలేదు. మా తాత చెప్పాడు, ఆయన రోజూ కుడతాడు, అబద్ధం కాదు అని మళ్ళీ మళ్ళీ అన్నాను.

ఆమె చెక్క స్కేలు తీసుకుని నా ముంజేతి మీద రెండు దెబ్బలు వేసింది. దెబ్బ తగిలినచోట వాతలు లేచి ఎర్రబడేదాకా ఆగి, వేలితో చూపించింది.

“వెల్టు అంటే ఇదీ. ఇక మరిచిపోవు.”

ఆ సాయంత్రం తాత నా చెయ్యి చూశాడు. ఏమైందో అంతా చెప్పించుకున్నాడు. ఆయనకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు వచ్చింది. వాతలకు కొబ్బరినూనె రాసి, సగం కుట్టిన కోటు ఒకటి ఆ గది నడిపే మేస్త్రీని అడిగి తీసుకుని గుడ్డలో మూటకట్టాడు. పొద్దున నాతో తానూ వస్తానన్నాడు. నేను నొప్పి మరిచిపోయాను. తాత వస్తాడు, కోటు విప్పి చూపిస్తాడు, అందరికీ తెలిసిపోతుంది అనుకుంటూ పడుకున్నాను.

మర్నాడు మిస్సు వరండాలోనే ఎదురైంది. తాత నమస్కారం పెట్టాడు. మూట విప్పకముందే ఆమె కన్నడంలో అందుకుంది. ఈ పిల్ల ఎదురు మాట్లాడుతోంది, క్లాసు పాడుచేస్తోంది, పైగా ఇంట్లో చెప్పారంటోంది. ఇంట్లోనే చెప్పుకునేట్టయితే ఇక్కడికెందుకు పంపడం, టీసీ తీసుకుని మీరే చదివించుకోండి అంది. ఆమె గొంతులో పెద్ద కోపం కూడా లేదు. అలసట ఉంది. టీసీ ఇవ్వడం ఆమెకు కష్టమైన పని కాదని మా ఇద్దరికీ అర్థమైంది.

తాత నా వైపు చూశాడు. మూటను చంక కిందికి నొక్కుకున్నాడు. తరువాత కన్నడంలోనే, చాలా మెల్లగా అన్నాడు.

“బిడ్డది కాదమ్మా, తప్పు నాది. నాకు ఇంగ్లీషు తెలీదు. తెలియక దానికి తప్పు నేర్పినాను.”

తెలియని విషయాలు పిల్లలకు చెప్పొద్దని ఆమె అంది. ఇక చెప్పనన్నాడు. నన్ను క్లాసులోకి వెళ్ళమన్నారు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గేటు దాటుతున్నాడు. మూట కట్టింది కట్టినట్టే ఉంది.

సాయంత్రం ఆ గదికి వెళ్ళాక, నువ్వు చెప్పింది నిజం కాదా అని తాతను అడిగాను. అడుగుతూ ఏడ్చాను. ఆయన మిషను ఆపి, నా చెయ్యి తీసుకుని, వాత మీద బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

“నిజమేనమ్మా. ఆయమ్మ చెప్పిందీ నిజమే. చూడు, ఇది గూడా జేబు పట్టీ మాదిరే లేచుండాది. ఒకే మాట అయింటాది. ఆయమ్మకు ఒకటి తెలుసు, నాకొకటి తెలుసు. ఎవరో ఒకరు తప్పు కావాలంటే నేనైతే ఏం పోతాది? నువ్వు చదవాల్సిండాది.”

ఆయన అనుకున్నట్టు జరగలేదు. మిస్సు నన్ను మళ్ళీ కొట్టలేదు, మళ్ళీ ఏమీ అడగనూ లేదు. ప్రశ్న నా బెంచీ దాకా వచ్చి, నన్ను దాటి పక్కపిల్ల దగ్గరికి పోయేది. కొన్నాళ్ళకు నేను వినడం మానేశాను. ఏడాది చివర ఇంగ్లీషు తప్పాను. టీసీ ఇచ్చారు. తాత మళ్ళీ కమిటీ పెద్దాయన ఇంటికి వెళ్ళాడు గానీ ఆయన బయటికి రాలేదు. కార్పొరేషను బడిలో చేరి, అక్కడా ఎక్కువకాలం నిలవక, పదహారేళ్ళకే గార్మెంట్సు ఫ్యాక్టరీలో పనికి చేరాను. రెడీమేడు కోట్లు వచ్చాక ఆ గది మూతపడింది. తాత జేబులు కుట్టినంత కాలం ఇంకెప్పుడూ వెల్టు అనలేదు. పట్టీ అనేవాడు. పక్కవాళ్ళు ఆ మాట అన్నా, వినపడనట్టు తల వంచుకుని కుట్టుకునేవాడు.

ఇప్పుడు నేను మడివాళలో ఉంటున్నాను. మా ఎదురుగా ఆడపిల్లల పీజీ హాస్టలు ఉంది. మొన్న దాని యజమాని వంటామెను గేటు దగ్గర నిలబెట్టి అరుస్తున్నాడు. ఆమె కూతురు, అక్కడే పై పని చేసే పదిహేనేళ్ళ పిల్ల, తల వంచుకుని తల్లి వెనకాలే నిలబడి ఉంది. తప్పు నాదే సార్, పిల్లకేం తెలీదు అంటోంది వంటామె. నేను రోడ్డు దాటి వెళ్ళి ఏదో అనబోయాను. ఆమె నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను ఆగిపోయాను.

తాత నుంచి నాకు మిగిలింది ఇదే. ఎవరైనా చేతులు కట్టుకుని తప్పు నాదే అంటే, ఆ మాట నేను నమ్మను. వాళ్ళ వెనక ఎవరున్నారా అని చూస్తాను. ప్రతిసారీ ఎవరో ఒకరు ఉంటారు. ఆ మాట ఆ వెనకున్నవాళ్ళను కాపాడలేదని నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేయాలో ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు.