ఐదుకి రెండు

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం అనుకోకండి. చేతిలో స్మార్ట్‌ఫోను ఉండేది, దాని అద్దం పగిలి ఉండేది, అంతే తేడా. ఊళ్లో డిగ్రీ అయిందనిపించుకుని, గ్రూప్స్ రాసి ఆఫీసరునైపోదామని అశోక్‌నగర్ హాస్టల్లో దిగినవాణ్ని. గదికి ముగ్గురం, మూడు మంచాలు. గదికీ గదికీ మధ్య ప్లైవుడ్ గోడ కావడంతో అవతలివాళ్లు తుమ్మితే ఇవతల మేం ‘చిరంజీవ’ అనేవాళ్లం. ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో న్యాయం అనేదొకటి ఉందనీ, అది నా పక్షానే ఉందనీ. ఆ నమ్మకానికి మొదటి దెబ్బ ఏ ప్రభుత్వమో, ఏ ప్రశ్నపత్రమో కొట్టలేదు. ఒక టేబుల్ ఫ్యాను కొట్టింది.

కోఠిలో పాతసామాను దుకాణంలో కొన్న ఫ్యాను అది. మధ్య నుంచి ఎడమకు హాయిగా తిరిగేది, మళ్లీ మధ్యకొచ్చి ‘టక్’మని ఆగి, కుడివైపు వెళ్లడానికి ఒప్పుకోక వెనక్కి మళ్లేది. నా మంచం కుడివైపు. అంటే ఫ్యాను నాది, గాలి మిగతా ఇద్దరిదీ, చప్పుడు మాత్రం అందరికీ సమానం. రెండు వేసవులు ఓర్చుకుని, ఇక లాభం లేదని దాన్ని అమ్మకానికి పెట్టాను. అప్పట్లో పాత వస్తువులను ఇంటర్నెట్లో వేలం వేసే సైటొకటి మా హాస్టళ్లలో బాగా నడిచేది. అమ్మకం అయ్యాక కొన్నవాడు అమ్మినవాడికీ, అమ్మినవాడు కొన్నవాడికీ ఐదుకి ఇన్ని అని నక్షత్రాలు వేసి, కింద ఒక మాట రాయాలి. నేను నిజాయితీగా ప్రకటన రాశాను. ‘ఎడమవైపు తిరుగుతుంది. కుడివైపు తిరగదు. గాలి బాగా వస్తుంది. చప్పుడు ఉంది.’ మా గదిలో పెద్దవాడు, పొద్దున్నే పేపరు పైకి చదివి అందరినీ లేపేవాడు కాబట్టి ‘కరెంట్ అఫైర్స్ అన్న’ అని మేం పిలిచేవాడు, అది చూసి నెత్తి కొట్టుకున్నాడు. “గిట్ల ఉన్నదున్నట్టు రాస్తే ఎవడు గొంటడురా?”

ఒకాయన కొన్నాడు. కొనేముందు సైటులోనే ఏడు ప్రశ్నలడిగాడు. (మూడో ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: ‘ఎడమ అనగా ఫ్యానుకు ఎడమా, కూర్చున్నవారికి ఎడమా?’) ఆయన ఉండేది చిక్కడపల్లిలో. నడిస్తే పది నిమిషాలు. కానీ చేతికివ్వడం సైటు నిబంధనలకు విరుద్ధం. అందుకని ఆ ఫ్యాను అట్టపెట్టెలో కూర్చుని, శంషాబాద్ అవతల ఎక్కడో ఉన్న గోదాముకు వెళ్లి, అక్కడ నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని, తిరిగి మా హాస్టలు ముందు నుంచే చిక్కడపల్లికి చేరింది. మర్నాడు నాకు ఫీడ్‌బ్యాక్ వచ్చింది. ఐదుకి రెండు. కింద ఇలా ఉంది: ‘వస్తువు వర్ణనకు సరిపోయినది. అసత్యము లేదు. చప్పుడు ఏ స్థాయిలో ఉండునో వివరించి ఉండవలసినది. ప్యాకింగునందు దారపు ముడి వదులు. సమయపాలన లోపించినది. మొత్తముమీద సంతృప్తికరము.’

సంతృప్తికరమైతే రెండేమిటి! మామూలప్పుడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్నేమో. కానీ సరిగ్గా అదే వారం, అంతకుముందు పరీక్షలో ర్యాంకు కొట్టి ఉద్యోగంలో చేరిపోయిన ఒకన్న తన చేతిరాత నోట్సు మొత్తం, పద్నాలుగు పుస్తకాలు, అదే సైటులో వేలానికి పెట్టాడు. అశోక్‌నగర్ అంతా ఆ నోట్సు కోసం పడిచచ్చేది. వేలం ఆదివారం సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. షరతు ఒక్కటే: నాలుగు నక్షత్రాలకు తక్కువున్నవాళ్లు పాటలో పాల్గొనరాదు. జన్మకో శివరాత్రి అన్నట్టు నేను చేసింది ఒక్క అమ్మకం, వచ్చింది ఒక్క ఫీడ్‌బ్యాకు, కనుక నా విలువ రెండు. ఆ నోట్సు దొరక్కపోతే నా ఆఫీసరుగిరీ అక్కడితో సరి అని ఆ రోజు నాకు నిజంగానే అనిపించింది.

“నీకు రెండిచ్చిండు గద, నువ్వు ఒకటియ్యి. లెక్క సాఫ్” అన్నాడు కరెంట్ అఫైర్స్ అన్న. ఇలాంటి సలహాలు నా బుర్రకు చప్పున ఎక్కుతాయి. ఆయనకు ఒక్క నక్షత్రం వేసి, కింద ‘మనిషి మంచివాడు కాదు’ అని రాశాను. (ఆ మనిషిని నేను అప్పటికి చూడను కూడా లేదు.) పావుగంట సేపు ప్రాణం హాయిగా ఉంది. ఆ తర్వాత సైటు నిబంధనలు చదివాను. ఇచ్చిన నక్షత్రాలను పది రోజుల్లోపు ఒకే ఒక్కసారి మార్చుకోవచ్చట, కానీ మార్చాల్సింది ఇచ్చినవాడే. అంటే నన్ను గట్టెక్కించగలిగిన ఏకైక మానవుణ్ని నేను అప్పుడే మంచివాడు కాదని లోకానికి చాటాను.

ఆదివారం మధ్యాహ్నం, పార్శిల్ రసీదు మీద అడ్రసు పట్టుకుని చిక్కడపల్లి సందులో మొదటి అంతస్తు తలుపు కొట్టాను. లోపల హాల్లో స్టూలు మీద నా ఫ్యాను తిరుగుతోంది. దానికి ఎడమవైపు ఒక పెద్దాయన ఎర్రపెన్నుతో న్యూస్‌పేపర్లో తప్పులు దిద్దుతున్నారు. పక్కనే ఆయన భార్య చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

“సార్, నేను ఫ్యాను అమ్మినోణ్ని” అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టారు. “ఓహో. ‘మనిషి మంచివాడు కాదు’ నువ్వేనా?”

“నలభై ఏళ్లుగా నేను చెప్తున్నా ఎవరూ నమ్మలేదు నాయనా” అన్నారు అమ్మ, చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండానే. “నువ్వు ఒక్క లైనులో తేల్చేశావు. లోపలికి రా.”

సార్ నవ్వలేదు. కుర్చీ చూపించి, ఎదురుగా కూర్చుని అడిగారు. “నేను డబ్బు కట్టడంలో ఆలస్యం చేశానా?” లేద్సార్ అన్నాను. “సరుకు వెనక్కి పంపుతానని బెదిరించానా?” లేద్సార్. “మరి ఏ తప్పుకి నాలుగు మార్కులు కోశావయ్యా?”

“కోపమొచ్చింది సార్.”

“కోపానికి మార్కులుండవు” అన్నారు, చాలా మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది. బల్ల మీద ఆయన డైరీ తెరిచి ఉంది, అందులో నా వాక్యం ఆయన చేతిరాతతో, తేదీతో సహా రాసి ఉంది. నాకు నిజంగా సిగ్గేసింది. ఎవరో తెలియని మనిషిని గురించి ఫోను మీద బొటనవేలితో ఒక మాట పడేస్తే, అది ఇలా ఒక ఇంట్లో బల్ల మీద కూర్చుంటుందని నాకు తట్టలేదు.

అయినా అసలు విషయం ఎత్తకుండా ఉండలేకపోయాను. “మీరు గూడ నాకు రెండే ఇచ్చిండ్రు గద సార్.”

“రెండు తక్కువా!” ఆయన నిటారుగా కూర్చున్నారు. కాలేజీ లెక్చరరుగా రిటైరయ్యారట, ముప్పై ఏళ్లు పరీక్షపేపర్లు దిద్దారట. “ఐదుకి రెండంటే నలభై శాతం. ముప్పై అయిదుకే పాసు. అంటే నిన్ను పాస్ చేసి, పైన ఇంకో అయిదు కూడా ఇచ్చాను. మూడు ఫస్టు క్లాసు. నాలుగు డిస్టింక్షను. ఐదుకి ఐదు నా సర్వీసులో ఎవరికీ వెయ్యలేదు. వేస్తే ఇంక వాడు నేర్చుకునేదేముంటుంది?”

నేను సైటు లోకరీతి వివరించాను. అందరూ అందరికీ ఐదే ఇస్తారనీ, నాలుగంటే మొహం చిట్లించడమనీ, మూడంటే జగడమనీ, రెండంటే పోలీసు కేసేననీ. ఆయన నోరు తెరిచి విన్నారు. “అందరికీ ఐదేనా? మరి ఎవడు బాగా చేశాడో ఎలా తెలుస్తుందయ్యా?”

తప్పు దిద్దుకుందామని ఫోను తీసి ఆయనకు ఐదు నొక్కబోయాను. చెయ్యి పట్టుకుని ఆపేశారు. “ఐదేమిటి, లంచమా? ఏడు ప్రశ్నలడిగి విసిగించాను. అందులో ఒకదాన్ని రెండుసార్లు అడిగాను. మూడు వెయ్యి.” మూడు వేశాను. ‘డబ్బు వెంటనే కట్టారు, ప్రశ్నలు ఎక్కువ’ అని రాస్తే కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదువుకుని, “ఫస్టు క్లాసు” అని అమ్మకు చూపించారు. ఆవిడ “ఇంట్లో అయితే ఇంత రాదు” అన్నారు.

అప్పుడు నోట్సు సంగతి చెప్పి, ఆరింటికల్లా నాలుగు కావాలని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “నీకు అవసరమని పెంచితే అది మార్కు కాదు, దానం.”

“ఎండలో పడి వచ్చాడు, ఓ నాలుగు పడెయ్యండి” అన్నారు అమ్మ.

“ఎండకి మార్కులుండవు.”

“ఆ గాలి నేనూ పీలుస్తున్నాను. నా లెక్కన నాలుగు.”

ఆ మాటతో సార్ మొహం వెలిగింది. “చూశావా! నేను రెండన్నాను, ఈవిడ నాలుగంది. ఇద్దరు వాల్యుయేటర్ల మధ్య ఇంత తేడా వస్తే పేపరు మూడోవారికి వెళ్లాలి. అది రూలు. నువ్వు రీవాల్యుయేషన్‌కి దరఖాస్తు పెట్టుకో.” తెల్లకాగితం ఇచ్చారు. ‘అయ్యా, నా ఫ్యానును పునఃపరిశీలించగలరని ప్రార్థన’ అని రాసిచ్చాను. ఎర్రపెన్నుతో అందులో ఒక తప్పు దిద్ది, ఫైల్లో పెట్టుకుని, చొక్కా మార్చుకొచ్చారు. మూడోవారంటే నారాయణగూడలో ఉండే సార్ పాత చీఫ్ ఎగ్జామినరట. అప్పటికి టైము నాలుగున్నర.

ఆటోలో ఫ్యాను నా ఒళ్లో, ఫైలు సార్ ఒళ్లో. డ్రైవరు అద్దంలోంచి చూసి, “రిపేరుకా సార్?” అన్నాడు. “రీవాల్యుయేషన్‌కి” అన్నారు సార్. డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి, “పాసయితది తియ్యి” అన్నాడు. ఆ రోజు నాకు ధైర్యం చెప్పింది అతనొక్కడే.

చీఫ్‌గారు సార్ కన్నా పదేళ్లు పెద్ద. నాకు ముప్పై అయిదు శాతం మార్కుల నీతి బోధించిన సార్ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చీఫ్‌గారు దరఖాస్తు చదివి, మొదట అడిగిన ప్రశ్న, “అభ్యర్థి ఎక్కడ?” నేను ముందుకొచ్చాను. “బయటికి పంపించు. అభ్యర్థి మొహం చూసి మార్కులెలా వేస్తాం?” అన్నారు. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి తలుపేశారు. లోపల ఫ్యాను తిరగడం మొదలైంది. ఒక టక్, రెండో టక్. మూడోది వినపడలేదు. కరెంటు పోయింది.

అయిదుంపావు. అయిదున్నర. మెట్ల మీద నేను ఫోను చూసుకుంటూ, మొక్కగలిగిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. లోపల ఇద్దరు పెద్దమనుషులు ఆగిపోయిన ఫ్యాను ముందు కూర్చుని పాత రోజుల్లో కట్టలు కట్టలుగా దిద్దిన పేపర్ల కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకసారి సార్ గట్టిగా నవ్వడం కూడా వినిపించింది. ఆయన నవ్వు వినడం నాకదే మొదలు. అయిదూ నలభై ఎనిమిదికి కరెంటు వచ్చింది. టక్. టక్. చీఫ్‌గారి గొంతు: “గాలికి వంక లేదు. చప్పుడుంది, కానీ దాచలేదు. మూడున్నర.”

ఆ సైటులో అర నక్షత్రం లేదు. సార్‌కు ఆ సంగతి తెలుసు, చెప్పారు కూడా. తర్వాత చీఫ్‌గారు, “అర మార్కు వస్తే అభ్యర్థి వైపే సర్దాలి. మర్చిపోయావా ఏవిటి?” అన్నారు.

“లేదండీ” అంటూ సార్ బయటికొచ్చారు. నా ముందే నిలబడి, తన ఫోన్లో ఒక్కో నక్షత్రం లెక్కపెట్టుకుని, నాలుగోదాని మీద వేలుంచి నొక్కారు. “డిస్టింక్షను. గర్వపడకు” అన్నారు. నా పగిలిన అద్దం మీద వేలు జారుతుంటే, అయిదూ యాభై ఏడుకి ఆ మెట్ల మీంచే పాట పాడాను. పద్నాలుగు పుస్తకాలూ నావయ్యాయి.

వారం తర్వాత నోట్సు వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ అన్నకు ఐదు నొక్కేద్దామని ఫోను తీశాను. వేలు కదల్లేదు. మళ్లీ పద్నాలుగు పుస్తకాలూ తిరగేశాను. చివరికి మూడు వేసి, ‘చేతిరాత చక్కనిది, విషయం పుష్కలం, నదుల అధ్యాయంలో ఒక్క మ్యాపూ లేదు’ అని రాశాను. గంటలో ఫోను.

“ఏంది తమ్మీ, మూడేంది? నేనేం జేసిన నీకు?”

“మూడంటే ఫస్ట్ క్లాసన్నా” అన్నాను. మ్యాపుల సంగతి చెప్పాను.

“అవ్ తమ్మీ,” అన్నాడు చివరికి, నవ్వుతూ. “మ్యాపులు నాకు సుత రావు. ఇప్పటిదాంక ఎవడు పట్టలే.”

ఆ ఏడు నేను గట్టెక్కలేదు, ఆ తర్వాతా ఎక్కలేదు. తప్పు నోట్సుది కాదు. ఇప్పుడు వేరే ఉద్యోగం, విద్యానగర్‌లో కిరాయి ఇల్లు. ఆటో దిగితే ఐదు, చల్లారిన ఇడ్లీ వస్తే ఐదు, గోడలో తప్పుడు చోట కన్నం పెట్టి వెళ్లిన ఏసీ మెకానిక్‌కి కూడా ఐదే. ఎవరితో ఎందుకొచ్చిన గొడవ అని చూడకుండా నొక్కేస్తాను. నాకూ అందరూ ఐదే ఇస్తున్నారు, అవీ చూడకుండానే ఇస్తున్నారని నాకు తెలుసు. రెండొచ్చిందని పరాయి వాళ్ల తలుపు కొట్టి సిగ్గుపడినవాడూ, మూడు వేసి ఫోనెత్తి ఎందుకో చెప్పినవాడూ ఎక్కడో అశోక్‌నగర్లోనే ఆగిపోయాడు. కోపం ఎక్కువ, బుర్ర తక్కువ, అయినా ఆ కుర్రాడికి నేను మూడుకి తక్కువ వెయ్యను. వాడు మాత్రం నాకు, వివరంగా కారణాలు రాసి, రెండే వేస్తాడు.