ఒర్రెను సక్కగ జేసుడు

నిన్న ఖానాపూర్‌లో మా చేను పక్క ఒర్రెలో జేసీబీ దిగింది. తడి ఒండ్రు వాసన తగలగానే బాపు విసుగు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా బావి ఎండింది. నీరు నిలిచి ఇంకాలని బాపు ఆ చిన్న వాగులో రాళ్లు పేర్చి వంపులు తిప్పాడు. ఏం చేస్తున్నావంటే, "ఒర్రెను సక్కగ జేస్తున్న బిడ్డా" అన్నాడు. సక్కగ అంటే గీత గీసినట్టు తిన్నగా అనుకుని, ఆయన అన్నానికి వెళ్లగానే రాళ్లన్నీ తీసి ఒడ్డున పడేశాను. నీళ్లు ఉరికిపోయాయి.

"నీకు జెప్పిన జూడు, నాదే తప్పు" అని బాపు తల పట్టుకుని, మళ్లీ మొదటి రాయి ఎత్తాడు.

నిన్న ఆ వంపులన్నీ తవ్విస్తున్న కాంట్రాక్టరును ఏం చేస్తున్నారని అడిగాను.

"ఒర్రెను సక్కగ జేస్తున్నమమ్మా" అన్నాడు.

నాకైతే అప్పుడు ఏడేళ్లు. ఈయనకు యాభై దాటాయి.