ఎడమ సీట్లో కూర్చోలేకపోయిన మాస్టారు

మా డ్రైవింగ్ మాస్టారు పోయారు. పొద్దున్నే టీ ఇచ్చి లేపబోతే లేవలేదట. గజపతినగరం మార్కెట్లో కూరలు దింపిస్తున్న వ్యాన్ డ్రైవరు నాకీ మాట చెప్పి, స్టీరింగ్ మీద తల ఆన్చేశాడు. అతనికీ నేర్పింది ఆయనే.

నేర్చుకునేవాడి చేత ముందు చెప్పులు విప్పించేవారు. "కాలితో ఇనరా. క్లచ్చిని తన్నీకు, సంటిదాన్ని మంచం మీద దించినట్టు దించు" అనేవారు. ఊరికే హారన్ కొడితే, "ఎందుకలా మొరుగుతావు? ఆగు, ఆడే ఎల్తాడు."

డ్రైవింగ్ స్కూల్లో నేర్పాలంటే అనుభవం ఒక్కటే చాలదు; పదో తరగతి పాసవ్వాలి, మోటారు మెకానిక్ సర్టిఫికెట్ ఉండాలి. లారీలు తోలిన మాస్టారికి ఆ రెండూ లేవు. తనిఖీ వస్తుందన్నాక ఓనరు ఎవరి సర్టిఫికెట్టో అద్దెకు తెచ్చి గోడకు తగిలించాడు.

"ఆడి పేరు మీద నువ్వే నేర్పీ మావా, ఎవుడడుగుతాడు?"

"పిల్లలు నన్ను నమ్మి బండెక్కుతారు. దొంగపేరుతో కూకోను" అని మాస్టారు బండి దిగిపోయారు.

నా రక్తం మరిగింది. నేను చదివిన కరపత్రాలన్నీ ఒక్కసారే నోటికొచ్చాయి. ఇది పేదోడి మీద కక్ష కట్టిన చట్టమని, ధర్నాకు కూర్చుందామని అరిచాను.

"ఏటిరా ఆ అరుపు? రూలు సెడ్డది కాదు. తెలీనోడు పక్కన కూకుంటే పేనాలు పోతాయి. నాను సదూతాను. నువ్వు లెక్కలు సెప్పు."

చెప్పాను. "ఈ ఎక్స్ ఎవుడ్రా, కనపడకుండా బండి తోల్తన్నాడు?" అని నవ్వుతూనే ఓపెన్ స్కూల్లో పది పాసయ్యారు. వీధంతా బెల్లంముక్క పంచారు. మెకానిక్ కోర్సుకు వెళితే, వయసు దాటిపోయిందని గుమ్మంలోనే తిప్పి పంపారు. "ఇంకోసోట అడుగుదుం" అన్నారు బయటికొచ్చి. ఆ ఇంకోచోటు ఎక్కడుందో మా ఇద్దరికీ తెలియదు. ఇంతలో ఆయనే లేకుండా పోయారు. ఎవరి మీద కోపపడాలో నాకిప్పుడు అర్థం కావడం లేదు. రూలు మీదా? అద్దె సర్టిఫికెట్టు చూసి సంతకం పెట్టిన తనిఖీవాళ్ల మీదా? అరవడానికి కూడా ఓపిక లేదు.

పాడె మెయిన్‌రోడ్డు ఎక్కేసరికి ఆ స్కూలు కారే ఎదురొచ్చింది. మమ్మల్ని చూసి కంగారుపడిన అమ్మాయి చేతిలో బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. మాస్టారు కూర్చునే ఎడమ సీట్లో ఉన్నవాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఆ పిల్ల తాళం తిప్పుతూనే ఉంది. పాడె మోస్తున్నవాళ్లంతా డ్రైవర్లే. కారు పక్కనుంచి, మట్టిలోకి దిగి, మెల్లగా తప్పుకుని వెళ్లాం.