ఐసులో పెట్టిన పాలు

"నీ ఇష్టం" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు నా కూతురికి నాలుగేళ్ళు. "అమ్మా, ఈ గౌను వేసుకోనా, ఆ గౌను వేసుకోనా" అని అదడిగినా సరే, ఏదో ఒకటి తేల్చి చెబుతాను కానీ నీ ఇష్టం అని మాత్రం అనను. ఆ మాటకు నా ఇంట్లో చోటు లేదు.

అది పుట్టిన మూడో నెలలో ఆ మాట నేను కడుపునిండా విన్నాను. డ్యూటీలో చేరనా, ఇంట్లో ఉండి పిల్లకు పాలిచ్చుకోనా అని మా ఆయన్ని అడిగితే, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "నీ ఇష్టం" అన్నాడు. ఆ ఏడాది ఆయన రొయ్యల గుంట తెల్లమచ్చ తెగులొచ్చి తుడిచిపెట్టుకుపోయింది. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. నేను మానేస్తే పొయ్యి మీద ఏం పెడతామో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇష్టం మాత్రం నాదేనట. అబ్బో, ఎంత పెద్ద మనసో!

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక హ్యాచరీలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి గుంటలవాళ్ళకు అమ్మే చోటు అది. కాన్పుకు మూడు నెలలు సెలవిచ్చారు. చట్టంలో ఇంకా ఎక్కువ ఉందట కదా సార్ అని మేనేజర్ని అడిగాను. "నీది కాంట్రాక్టు గదమ్మా. పైగా సీజను. ఆలోచించుకో, నీ ఇష్టం" అన్నాడు ఆయన కూడా. అందరూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నారు.

నా పురుడు మా అత్తే పోసింది. మా అమ్మ అప్పటికే లేదు. అత్త ముప్పై ఏళ్ళు నెత్తిన చేపల గంప పెట్టుకుని కొడవలూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. నాకు పాలు పడాలని పాలసొర చేప తెప్పించి, ఉడికించి, ముల్లు తీసి చిదిమి, తెల్లగడ్డలు దండిగా వేసి పుట్టు చేసేది. పెరట్లో మునగచెట్టు ఉంది. ఆ ఆకు వారానికి నాలుగు రోజులు నా కంచంలో ఉండేది. "తినమే. మొహం అట్టా పెట్టమాక. పాలు పడాల" అని నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది. నాకు కోపం వచ్చేది, కానీ కన్నతల్లి లేని లోటు తెలియలేదని కూడా చెప్పాలి.

పాలు బాగానే పడ్డాయి. పిల్ల తాగగా మిగిలి జాకెట్లు తడిసిపోయేవి. మిగిలింది పిండి పారబోయడానికి కూడా అత్తకు ఒక పద్ధతి ఉంది. తల్లి పాలు కాలవలో పోయకూడదు, నిప్పు మీద పడకూడదు, చీమలు అసలే తాకకూడదు. చీమలు తాకితే తల్లికి పాలు ఎండిపోతాయట. చెట్టు మొదట్లో, చీమలు లేని చోటు చూసి పోయాలి. నేను బీఎస్సీ చదివినదాన్ని కదా, నవ్వాను. నవ్వి, ఆమె చెప్పిన చోటే పోశాను.

నెల్లూరులో కాన్పు చేసిన ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పింది, పాలు పిండే పంపు దొరుకుతుందని, పిండి చల్లగా దాచి, తర్వాత గోరువెచ్చగా చేసి పట్టించవచ్చని. "నువ్వు పక్కన లేకపోయినా అవీ నీ పాలే కదమ్మా" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను నిర్ణయం తీసుకున్నాను. ఉద్యోగం పోదు, పిల్లకు నా పాలు తప్పవు. అత్తకు చెబితే పెద్ద గొడవ చేస్తుందనుకున్నాను. "సరేలే, నేను పట్టిస్తాలే. నువ్వు పోయిరా" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుందంటే అప్పుడే అనుమానించాల్సింది. నాకు బుద్ధి లేదు.

హ్యాచరీలో తల్లి రొయ్యలకు వేరే గది ఉంది. అందులో గట్టిగా మాట్లాడకూడదు. చెప్పులతో నడవకూడదు. లోపలికి పోయే ముందు మందు నీళ్ళలో కాళ్ళు ముంచాలి. మసక వెలుతురు, నీళ్ళకు సరిపడా వేడి, వేళకు మేత. తల్లి బెదిరితే గుడ్లు పెట్టదని మేనేజరు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ క్లాసు పీకేవాడు. నేను పాలు పిండుకోవడానికి మాత్రం మేత డబ్బాల స్టోర్‌రూమ్ చూపించాడు. దానికి గొళ్ళెం లేదు. గొళ్ళెం పెట్టించండి సార్ అంటే "కొంచెం అడ్జస్ట్ చేసుకోమ్మా" అన్నాడు. తలుపుకి ఒక డబ్బా అడ్డం పెట్టి, దాని మీద కాలు తన్నిపెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని పిండేదాన్ని. ఎవరో ఒకరు డబ్బా కోసం తలుపు నెట్టేవాళ్ళు. చేపుకొచ్చిన పాలు అక్కడే ఆగిపోయేవి.

రొయ్యలకున్న మర్యాద నాకు లేదే అని మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఇంకో సంగతి గుర్తొచ్చింది. గుడ్లు త్వరగా పెట్టాలని ఆ తల్లి రొయ్యలకు మేమే ఒక కన్ను నులిమేస్తాం. ఆ పని నా చేతులతో నేనూ చేశాను. మర్యాద దాని కోసం కాదు, గుడ్ల కోసం. ఆ తర్వాత ఆ గది ముందునుంచి పోతున్నప్పుడు కుళ్ళుకోవడం మానేశాను.

పిండిన పాలు ల్యాబ్ ఫ్రిజ్‌లో పెడితే ఒప్పుకోలేదు. నా పాల వల్ల వాళ్ళ శాంపిళ్ళు పాడవుతాయట! నా పాల వల్ల! రొయ్యపిల్లల్ని పంపే థర్మకోల్ పెట్టె ఒకటి కడిగి, ఐసు నింపుకుని, సీసాలు అందులో సర్దుకుని సాయంత్రం ఇంటికి తెచ్చేదాన్ని. రాగానే మా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఏ సీసా ముందు పట్టాలో అత్తకు చూపించేదాన్ని. ఆమె తల ఊపేది.

రెండు వారాలు తిరిగేసరికి పిల్ల నా దగ్గర తాగడం మానేసింది. సీసాలో పాలు ఊరికే జారిపోతాయి కదా, రొమ్ము దగ్గర కష్టపడాలి. ఒళ్ళో పడుకోబెట్టుకుంటే వీపు విరుచుకుని ఏడ్చేది. ఇక రాత్రిళ్ళూ, సెలవు రోజుల్లో కూడా సీసా అత్తే వెచ్చబెట్టి తెచ్చి పట్టించేది. పాలు గడ్డకట్టి నాకు రెండుసార్లు జ్వరం వచ్చింది. నొప్పికి పళ్ళు కొరుక్కుంటూ పంపు నొక్కేదాన్ని. ఏడుస్తూ కూడా ఒకటే అనుకునేదాన్ని: నా రొమ్ము వద్దంటే వద్దంది, నా పాలైతే తాగుతోంది. ఆ ధైర్యంతోనే బతికాను.

తర్వాత పిల్లకు విరేచనం గట్టిపడింది. ముక్కి ముక్కి మొహం ఎర్రగా కందిపోయేది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఏం పాలు పడుతున్నారని అడిగారు. "నా పాలేనండి, వేరే ఏదీ పట్టలేదు" అని ఎంత గొప్పగా చెప్పానో! "తల్లి పాలు తాగే పిల్లకు ఇలా రాదే" అని ఆయన నా మొహం వంక చూశారు. తప్పు నా తిండిదేమోనని అనుకున్నాను. కారం మానేశాను, శనగపిండి మానేశాను, చివరికి నాకు ప్రాణమైన చేపల పులుసు కూడా మానేశాను. అత్త నా ఎదురుగా కూర్చుని, నా చప్పిడి కూడులోకి ఇంకాస్త మునగాకు వడ్డించేది.

ఒకరోజు హ్యాచరీలో తొట్లకు తెగులు తగిలింది. రొయ్యపిల్లలన్నింటినీ మందేసి చంపి, తొట్లు కడగాలని మమ్మల్ని మధ్యాహ్నానికే పంపేశారు. అప్పటికి పిండింది ఒక్క సీసా. అది ఐసుపెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చాను. పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. వంటగదిలో ఎవరూ లేరు. పెరట్లోకి చూస్తే అత్త మునగచెట్టు దగ్గర వంగి ఉంది. ఎడమచేత్తో మొదలు దగ్గర మట్టి దులిపి చూసుకుంటూ, కుడిచేత్తో నా సీసా వంపుతోంది.

"ఏం చేస్తన్నావత్తా?"

ఆమె ఉలిక్కిపడలేదు. చివరి చుక్క దాకా వంచి, సీసా చీరకు తుడుచుకుంది. "ఏందమ్మే, ఇంత పొద్దుండంగానే వచ్చినావు?"

"అవి నా పాలు గదా?"

"నీయే."

"పాపకి పట్టించడంలా?"

"ఎట్టా పట్టించేది? ఐసులో పెట్టినయి" అంది, తెలియనిదానికి చెప్పినట్టు. "ముప్పై ఏండ్లు చేపలమ్మినా. ఐసు ఎందుకేస్తారో నాకు తెలీదా? నిన్నటి చేపని ఈపొద్దు చేపని చెప్పి అమ్మేదానికి. నేనే అమ్మినా. ఊళ్ళోవాళ్ళకంటే అట్టా పెట్టినా గానీ, నా మనవరాలికి పెడతానా?"

"మరి దానికి ఏం పడతన్నావు?"

"పక్కింటోళ్ళ బర్రె పాలు. పొద్దన్నే పిండినయి, ఇంకా వెచ్చగానే ఉంటాయి. సగానికి సగం నీళ్ళు, రవ్వంత చక్కెర."

"ఎన్నాళ్ళ నించి?"

"నువ్వు డ్యూటీకి పోయిన కాడ్నించి."

అన్ని వారాలు! గొళ్ళెం లేని తలుపు, జ్వరాలు, చప్పిడి కూడు, డాక్టరు ముందు నా గొప్పలు, అన్నీ ఆ చెట్టు మొదట్లో ఇంకిపోయాయి. పైగా ఆ చెట్టు ఆకే కోసి, పాలు పడతాయని నాకే వండిపెట్టింది ఈ మహాతల్లి.

"నాకెందుకు చెప్పలా? నువ్వు మనిషివేనా?" అని అరిచాను. అత్తను అంత మాట అనడం అదే మొదలు.

"చెప్తే పిండడం మానేస్తావు. మానేస్తే ఎండిపోతాయి" అంది. గొంతు పెంచలేదు. "ఈపొద్దు గాకపోతే రేపన్నా బిడ్డ మొహం చూసి ఉద్యోగం మానుకుంటావనుకున్నా. అప్పటికి నీకాడ పాలుండాల గదా. అందుకే రోజూ చీమల్లేని కాడ చూసి పోస్తన్నా."

అరుపులకు మా ఆయన బయటికొచ్చాడు. "నీకు తెలుసా?" అని అడిగాను. ఆయన ఫోను వంక చూసుకున్నాడు. తెలుసు. "ఇప్పుడేమైందిలే. పిల్ల బాగానే ఉండాది గదా. మీ ఇద్దరి మధ్యలోకి నన్నెందుకు లాగుతారు? ఇంక పిండుకుంటావో, మానేస్తావో, నీ ఇష్టం" అన్నాడు. చేతిలో ఐసుపెట్టె లేకపోతే ఆరోజు ఆయన్ని కొట్టేదాన్నే.

ఇంతలో పిల్ల లేచి ఏడ్చింది. పెట్టెలోంచి సీసా తీసి, వేడినీళ్ళలో ఉంచి, చుక్క మణికట్టు మీద వేసి చూసుకుని, దాన్ని ఒళ్ళో వేసుకుని నోటికి అందించాను. ఒక్క గుక్క లోపలికి తీసుకుంది. మొహం చిట్లించింది. నాలుకతో నెట్టి మొత్తం నా చీర మీదికి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఉమ్మింది. జాకెట్టు విప్పాను. దాని ఏడుపుకి పాలు వాటంతటవే చేపుకొచ్చి కారిపోతున్నాయి. అది వీపు విరుచుకుని, రెండు చేతులతో నన్ను తోసేసింది. పుట్టి అయిదు నెలలు కాలేదు, దానికి నా పాల రుచి తెలియదు. తెలిసింది మరిచిపోయింది.

అత్త లోపలికి పోయి, బర్రె పాలు వెచ్చబెట్టి, నీళ్ళు, చక్కెర కలిపి, సీసా తెచ్చి నా చేతికిచ్చింది. విసిరికొడదామనుకున్నాను. పిల్ల ఆకలికి గొంతు పోయేలా ఏడుస్తోంది. నేనే పట్టించాను. కళ్ళు మూసుకుని గుటకలు వేస్తూ, నా చూపుడువేలు పట్టుకుని, సీసా మొత్తం తాగింది.

అది నిద్రపోయాక, మిగిలిన నా పాల సీసా తీసుకుని వంటగదిలో సింకు దగ్గరికి పోయాను. కుళాయి కూడా తిప్పాను. పారబోయడానికి చెయ్యి రాలేదు. ఎంత కోపంగా ఉన్నా రాలేదు. కుళాయి కట్టేసి పెరట్లోకి పోయి, మునగచెట్టు దగ్గర కూర్చుని, సీసా మూత తీశాను.

"ఆడ కాదమ్మే" అంది అత్త వెనక గడపలోంచి. "ఆడ చీమలుండాయి. కొంచెం ఇవతలకి పొయ్యి."

చెయ్యి ఇవతలికి జరిపి పోశాను. నెల తిరక్కుండా నా పాలు ఎండిపోయాయి. చీమలు తాకి మాత్రం కాదు.