కెల్లూ నేర్పిన నాచు పులుసు

ఆఫ్రికాలోని చాద్ సరస్సు పక్కన, బోల్ దగ్గరి పల్లెలో కెల్లూది పెద్ద గొంతు. పొద్దు పొడవకముందే తోటి ఆడవాళ్లతో చవుటి మడుగులోకి దిగి, నీటిమీద తేలే పచ్చని నాచును తోడి, ఇసుకలో ఆరబోసి, పలకలుగా కోసేది. దాన్నే వాళ్లు దిహె అంటారు. ఎండు చేపలు వేసి పులుసు పెడితే సజ్జముద్ద ఎంతున్నా చాలదు.

ఒక ఏడాది, రెండు మూడు దేశాల నిపుణులు కలిసి వచ్చి, ఇసుకలో కాక గుడ్డ పరిచిన చట్రాలమీద ఆరబెట్టి చూడమన్నారు. అందరూ వెనకాడుతుంటే కెల్లూనే ముందుకొచ్చింది.

"పెళ్లైన నాటినుంచీ మా ఆయన ఇసుక నములుతున్నాడు. పాపం, ఉన్న పళ్లైనా మిగలనీ!"

ఆ పని బాగా కుదిరింది. సరస్సుకు ఆవల, నైజర్‌లో, అల్లర్లకు ఊళ్లు వదిలొచ్చినవాళ్ల శిబిరంలో పిల్లలు చిక్కిపోతున్నారు. అక్కడి తల్లులకు తొట్లలో నాచు పెంచడం నేర్పమని ఆ నిపుణులే కెల్లూను పిలిచారు.

"వెళ్లవే, మా చెవులకు కాస్త విశ్రాంతి" అంటూనే అత్త తన కొత్త ముసుగు తీసి ఆమె భుజాన కప్పింది.

శిబిరంలో మొదటిరోజు ఊరినుంచి తెచ్చిన దిహెతో కెల్లూ పులుసు కాచింది. పిల్లలు తొంగిచూసి, "ఛీ, బురద!" అని పరుగెత్తారు. యకాకా అనే తల్లి మొహం చిట్లించింది.

"అక్కా, ఆకలే గానీ, చెరువడుగు తినే గతి ఇంకా పట్టలేదు మాకు."

కెల్లూ ఏమీ అనుకోలేదు. పెద్ద ముద్ద నోట్లో వేసుకుని, తిని, పచ్చబడ్డ నాలుక బారెడు చాపింది. ఒక చిన్నపిల్ల పకపకా నవ్వి, "నాకూ ఆ నాలుక కావాలి!" అంది. అంతే, కుండచుట్టూ తొక్కిసలాట. యకాకా కూడా రుచి చూసి, "ఉప్పు తక్కువైంది" అని గొణిగింది.

"మరి గిన్నె ఎందుకు నాకుతున్నావే?" అంది కెల్లూ.

మొదటిసారి ఎండ ఎక్కువై, నీటిలో చవుడు చాలక తొట్లలో నాచు పసుపెక్కి చచ్చిపోయింది. కెల్లూ గుడారంలో దూరి ఏడ్చింది. యకాకా వచ్చి చెయ్యిపట్టి లేపింది.

"లే అక్కా, మళ్లీ వేద్దాం. నా పిల్లలకు ఈ తిండి రుచి చూపించి ఇప్పుడు మొహం చాటేస్తావా?"

కెల్లూ ఊరివాళ్లు మడుగు ఉప్పునూ కొత్త నాచునూ, అందాకా పిల్లల పులుసుకు ఎండు దిహెనూ పడవలో పంపారు. ఆ నిపుణుల్లోని పరదేశి ఇంజనీరు తొట్లపైన నీడ కట్టించాడు. ఆడవాళ్లు వంతులేసుకుని నీళ్లు కలియబెట్టారు. ఈసారి నీళ్లు ముదురాకుపచ్చకు తిరిగాయి.

తొలి కోత నాడు యకాకా వంట చేసి, కెల్లూను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. భోజనాలయ్యాక ఎవరో డప్పు అందుకున్నారు. ఇంజనీరు ఆడకుండా తప్పించుకోబోతే యకాకా అతని చొక్కా పట్టుకుని లాగింది. ఎముకలగూడులా వచ్చిన ఆమె చంటివాడు, ఇప్పుడు బుగ్గలు నిండి, కెల్లూ చంకలో ఎగిరెగిరి పడుతున్నాడు.