ఎర్రనీళ్ల ఉసిరి

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేం కాదు. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లుండేవి, నా చేతిలో మాత్రం లైబ్రరీ పుస్తకం ఉండేది. డిగ్రీని మధ్యలో వదిలేసి (అదే నన్ను వదిలేసిందని మా అమ్మ అనేది) మణుగూరులో ఒక మందుల షాపులో పనికి కుదిరాను. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనే పూర్తి చేస్తానని పంతం పట్టాను. అక్కడ పేపరు చదివే రిటైరైన గని కార్మికులు, ఫ్యాను కింద కునికేవాళ్లు, నేను. పోషకాహారం మీద ఉన్న ఒక లావుపాటి పుస్తకాన్ని నాకంటే ముందు ఎవరూ ఇంటికి తీసుకెళ్లినట్టు లేదు. అది చదివాక మా ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా పండు తిన్నది లేదు. నేరేడు పండు కొరికితే ఆ ఊదా రంగు ఆంథోసయనిన్లదని చెప్పేదాన్ని. తునికి పండు వగరుగా ఉందంటే టానిన్ల గురించి మొదలుపెట్టేదాన్ని. ఇనుముకు తుప్పు పట్టినట్టు మన ఒంటికీ పడుతుందని, దాన్ని ఆపే యాంటీ ఆక్సిడెంట్లు మన అడవి పండ్లలో దండిగా ఉన్నాయని ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ వివరించేదాన్ని. మా తమ్ముడైతే నన్ను చూడగానే చేతిలోని జామకాయను వీపు వెనక దాచేసేవాడు.

మా చర్చిలో ఏటా కోత పండుగ జరుగుతుంది. ఎవరి పంటలో తొలిభాగం వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడితే, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. గని కాలనీలో పంటలెక్కడివి? అందుకే సగం మంది బజార్లో యాపిల్ పండ్లు కొని, వాటి మీది స్టిక్కర్లయినా తీయకుండా తెచ్చేవాళ్లు. మా నాయనమ్మ మాత్రం అడవి అంచుకు వెళ్లి ఉసిరికాయలు తనే ఏరి, బుట్టకు కొత్త తువ్వాలు కప్పి తెచ్చేది. యాపిళ్లకైతే ఎగబడి పాడేవాళ్లు. ఉసిరి బుట్ట దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఇంట్లో పొయ్యి మీద పెట్టిన కూర గుర్తొచ్చేది. చివరికి పాస్టరయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అనే ఆవిడ, ఎంతో కొంతకు పాడి తీసుకునేది. అదే నాయనమ్మకు గుచ్చుకుంది. "దేవునికిచ్చిన కాయ మీద జాలేందే? ఈసారి గూడ అమ్మగారే తీస్కుంటే, మల్లొచ్చే యేడు నేను గా పండుగకు రాను" అని ముందే చెప్పేసింది.

నాయనమ్మ పరువు, నా పుస్తకం పరువు ఒకేసారి నిలబెట్టే అవకాశం కదా, నాకు నిద్ర పట్టలేదు. గాయాలకు పూసే అయోడిన్ మందు మా షాపులో ఉండనే ఉంది. దాన్ని గ్లాసులో కొద్దిగా వేస్తే నీళ్లు ఎర్రగా మారతాయి, అందులో ఉసిరి రసం పిండితే రంగు మాయమవుతుంది. ఉసిరికున్న శక్తికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇంట్లో చేసి చూపిస్తే మా తమ్ముడు మొదటిసారి పండు దాచకుండా నిలబడి చూశాడు.

వేలం పాడించేది మా మేనమామ. గనిలో మిషన్ల మీద అరిచి అరిచి ఆయన గొంతుకు మైకు అవసరం లేకుండా పోయింది. షిఫ్టు దిగాక ఆయన ఎక్కడ దొరుకుతాడో మా అత్తమ్మకూ వైన్ షాపు వాళ్లకూ బాగా తెలుసు. ఉసిరి బుట్ట పైకెత్తగానే నేను వెళ్లి మైకు అందుకున్నాను. పాలీఫినాళ్లు, ఫ్రీ రాడికల్స్, కణాల రక్షణ, ఏదీ వదలలేదు (ఒక ముసలాయన ఇది ప్రార్థన అనుకుని కళ్లు మూసుకున్నాడు). తర్వాత ఎర్రనీళ్ల గ్లాసు పైకెత్తి, అందరూ చూస్తుండగా ఉసిరి రసం పిండాను. ఎరుపంతా మాయమై మామూలు నీళ్లయ్యాయి. మా మామ గ్లాసులోకి తొంగి చూసి నిట్టూర్చాడు.

"కానా ఊరి పెండ్లిల ప్రభువు నీళ్లను ద్రాక్షారసం జేసిండు. మా కోడలుపిల్ల ద్రాక్షారసాన్ని నీళ్లు జేసింది. ఇదేమన్న న్యాయమా?"

మగవాళ్లు పడీపడీ నవ్వారు. అయ్యగారు బైబిలును ముఖానికి అడ్డం పెట్టుకున్నారు గానీ ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఆడవాళ్లు మాత్రం నవ్వలేదు. వాళ్ల చూపులు గ్లాసు మీది నుంచి మెల్లగా తమ తమ భర్తల మీదికి మళ్లాయి. మా అత్తమ్మ లేచి నిలబడి, లోపటికి పోయిన మందును గూడ ఆ రసం గిట్లనే చేస్తదా అని అడిగింది. కడుపులో జరిగేది వేరని, ఇది గ్లాసులో సంగతని శాస్త్రోక్తంగా చెప్పాను.

"మీ మామ గూడ గ్లాసులనే పోస్కుంటడు గదనే" అంది అత్తమ్మ, పాట మొదలుపెడుతూ.

ఇక ఆగలేదు. ఒకామె అంటే ఇంకొకామె పెంచింది. స్టిక్కర్ల యాపిళ్లు ఎప్పుడో వెనకబడ్డాయి. ముందు వరుసలో నాయనమ్మ కొంగు సర్దుకుని, ఎన్నడూ లేనంత నిటారుగా కూర్చుంది. నాకేమో పుస్తకం గుర్తొచ్చింది. ఉండబట్టలేక మళ్లీ మైకు తీసుకుని, ఇందులో పోయింది అయోడిన్ రంగు మాత్రమేనని, ఉసిరి బ్రాందీని ఏమీ చేయలేదని గట్టిగా చెప్పాను. నాయనమ్మ నా వైపు చూసిన చూపుకు నా గొంతే తుప్పు పట్టింది. సరిగ్గా అప్పుడే మామ కలగజేసుకుని, పిల్ల నిజం చెప్తోంది, సదువుకున్నది, వినుండ్రి అని ఆవరణంతా బతిమిలాడాడు. అంతే, నా మాట మీద ఉన్న ఆ కాస్త నమ్మకమూ పోయింది. మామ ఆపమంటున్నాడంటే ఉసిరి కచ్చితంగా పనిచేస్తుందని అత్తమ్మ ఇంకా పెంచింది. తన జేబుకు చిల్లు పడకుండా ఇంకెవరైనా పెంచుతారేమోనని మామ "ఒకటోసారి, రెండోసారి" అని ఎంత సాగదీసినా, బుట్ట ఆయన ఇంటికే వెళ్లింది. (వారం తిరగకముందే ఆయన ఆ కాయలను ఉప్పుతో నంజుకుంటున్నాడని, గ్లాసు పక్కన అంతకంటే రుచైనది లేదంటున్నాడని తెలిసింది.)

ఇంటికి వస్తూ నాయనమ్మను అడిగాను, నేను చెప్పింది అర్థమైందా అని. "నువ్వు చెప్పింది సగం తెల్వలే బిడ్డా. యాపిలు కంటె మన కాయ ఎక్కువకు పోయింది. గది తెల్సింది" అంది. మరుసటేడు రెండు బుట్టలు తెచ్చింది.

ఇప్పుడు ఆమె మోకాళ్లు అడవి దాకా నడవనివ్వవు. ఉసిరి నేనే ఏరి తెస్తాను, ఆమె కుర్చీలో కూర్చుని తువ్వాలు కప్పుతుంది. వేలానికి ముందు కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయిలు ఎవరో ఒకరు నా దగ్గరికి వచ్చి, ఇవి ఆ ఎర్రనీళ్ల ఉసిరికాయలేనా అక్కా అని గుసగుసగా అడుగుతారు. అయోడిన్, విటమిన్ సి, గ్లాసు వేరు కడుపు వేరు, అన్నీ నా నాలుక చివరిదాకా వస్తాయి. నాయనమ్మ తువ్వాలు సర్దడం ఆపి నా వైపు చూస్తుంది.

"అవ్" అంటాను.

మైకు పట్టుకున్న ఆ పిల్ల నాలో ఎక్కడో ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉంటుంది. పాపం, దాని చేతిలో ఒక ఉసిరికాయ, కాస్త ఉప్పు పెట్టి పక్కన కూర్చోబెడతాను.