అత్తగారు బేరమాడిన జీతాలు

మార్కెట్టులో ఆమెను ‘ధరలమ్మ’ అనేవారు. పొద్దున్నే గళ్ళ సంచీ భుజాన వేసుకుని, క్లిప్పు అట్ట చంకలో పెట్టుకుని వచ్చేది. డజను గుడ్లెంత, బ్రెడ్డెంత, మగవాళ్ళ తోలు బూట్లెంత, క్షవరానికెంత అని అడిగి రాసుకునేది. ఒక్కటీ కొనేది కాదు.

మొదట్లో దుకాణాలవాళ్ళకు ఒళ్ళు మండేది. “అడగడం బారెడు, కొనడం సున్నా” అని వినపడేలాగే గొణిగేవారు. కొందరు పన్నులవాళ్ళు పంపిన మనిషేమోనని హడలిపోయి సగం ధరే చెప్పేవారు. అలాంటివాళ్ళ దగ్గర ఆమె ఏమీ రాయకుండా కాస్త ఎడంగా నిలబడి, తర్వాత వచ్చినవాళ్ళకు ఏం చెబుతున్నారో విని అది రాసుకునేది. ఈమె వల్ల తమకు వచ్చే ముప్పేమీ లేదని వాళ్ళకు నమ్మకం కుదరడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ ఊళ్ళో ఒక అంతర్జాతీయ సంస్థకు పెద్ద ఆఫీసు ఉంది. ఏయే దేశాల నుంచో వచ్చిన నాలుగు వందల మంది అధికారులు అక్కడ పనిచేస్తారు. వాళ్ళ మూలజీతం ఏ దేశంలో ఉన్నా ఒకటే. కానీ ఒకచోట వందకు వచ్చే సరుకు ఇంకోచోట రెండు వందలకు గానీ రాదు. ఆ తేడా పూడ్చడానికి జీతానికి ‘సర్దుబాటు’ అని ఒక ముక్క అతికిస్తారు. ఆ ముక్క ఎంతుండాలో తేల్చేది ధరల సర్వే. రిటైరై అక్కడే స్థిరపడినవాళ్ళ పెన్షన్లు సవరించేటప్పుడు కూడా ఆ కాగితాలే తిరగేస్తారు. ఆ కాగితాలు నింపడమే ధరలమ్మ పని.

అంతకుముందు పదకొండేళ్ళు ఆమె ఒక బట్టల కొట్లో పనిచేసింది. ఒకరోజు కర్టెన్లు కొనడానికి వచ్చిన ఆ సంస్థ అధికారి ఒకాయన, “ఇది వేరేచోట చవకేమో” అన్నాడు. ఆమె గుక్క తిప్పుకోకుండా అదే బట్ట నాలుగు కొట్లలో ఎంతకమ్ముతున్నారో చెప్పి, “మాకంటే ఒకరి దగ్గర తక్కువండీ. కానీ వాళ్ళది ఉతికితే పొట్టిదవుతుంది” అంది. ఆయన కర్టెన్లు కొన్నాడు, నెల తిరక్కుండా ఆమెకు ఉద్యోగమూ ఇప్పించాడు.

పనిలో ఆమె మహా మొండిది. జాబితాలో అరకిలో బ్రెడ్డు అని ఉంటే సంచీలోంచి చిన్న త్రాసు తీసి తూచేది. “ధర పెరగలేదు గానీ బ్రెడ్డు యాభై గ్రాములు చిక్కిపోయింది” అని అంచున రాసేది. సర్వే ఏడాది వచ్చిందంటే, ఎన్నడూ తలెత్తి చూడనివాళ్ళు కూడా మెట్ల మీద ఎదురై నమస్కారాలు పెట్టేవారు. ఒకసారి క్యాషియరు పక్కకు పిలిచి, “ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఎవరికి తెలుస్తుందండీ?” అన్నాడు.

“నాకు తెలుస్తుంది కదండీ” అంది ఆమె. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఉద్యోగంలో చేరిన పంతొమ్మిదో ఏట వచ్చిన పెద్ద సర్వేలో, సరిగ్గా అయిదో రోజున, చేపల వరసలో తడిబండ మీద జారిపడి మడమ విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు వేసి ఆరు వారాలు కదలొద్దన్నారు. సర్వేకు మిగిలింది తొమ్మిది రోజులు, జాబితాలో మిగిలినవి నూట నలభై వస్తువులు. ఆమె మంచం మీద పడుకుని కాలి నొప్పి కంటే ఆ కాగితాలను చూసే ఎక్కువ బాధపడింది.

అత్తగారు డెబ్భయ్యో పడిలో ఉన్న మనిషి. కోడలి అవస్థ రెండు రోజులు చూసి, “ఆ కాగితాలిలా పడెయ్. అడిగి రాసుకు రావడమేగా? నాకేం నోరు లేదా?” అంది.

బస్సు డిపోలో మెకానిక్‌గా చేస్తున్న ఆవిడ కొడుకు తాగుతున్న టీ పొలమారి దగ్గాడు. ఆవిడకు నోరు లేదని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు.

కోడలు ఆఫీసుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. సెక్షన్ ఆఫీసరుకు వేరే దారి తోచక అత్తగారిని తాత్కాలిక సహాయకురాలిగా రాసుకున్నాడు. మర్నాటి నుంచి ఆవిడ గళ్ళ సంచీతో బయల్దేరింది. సాయంత్రం కోడలి పక్కన కూర్చుని ఒక్కో ధరా చెబుతుంటే కోడలు నింపేది. కూరగాయలు మరీ చవగ్గా కనిపించాయి. కాపు బాగా వచ్చిందేమో అనుకుంది. దుప్పట్ల దగ్గర ఉండబట్టలేక అడిగింది.

“నిజంగా ఇంతేనా అత్తయ్యా?”

“నేను అబద్ధమాడతానా? వాడు అక్షరాలా ఆ ధరకే ఇచ్చాడు.”

బూట్ల దగ్గర మళ్ళీ అనుమానం వచ్చింది. ఈ వయసులో తన కోసం ఎండలో తిరిగొచ్చిన మనిషిని ఇంకోసారి నిలదీయడానికి మనసొప్పక ఊరుకుంది. తర్వాత ఆమె తనను తాను తిట్టుకున్నది ఆ ఊరుకున్నందుకే.

పది రోజులకు ప్రధాన కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. మీ ఊళ్ళో ధరలు పద్నాలుగు శాతం పడిపోయాయి, ఏం జరిగిందని వాళ్ళ ప్రశ్న. ఆ వార్త క్యాంటీన్ దాకా పాకేసరికి నాలుగు వందల మంది మొహాలు మాడిపోయాయి. జీతాలు కోస్తారట! కింది వాటాలో ఉండే, ఆ సంస్థలోనే రిటైరైన లైబ్రేరియనమ్మ పైకొచ్చి, “పెన్షను కూడానా?” అని నెమ్మదిగా అడిగింది.

కోడలు కాగితాలన్నీ మంచం నిండా పరిచింది. అయిదో రోజు దాకా ధరలు తిన్నగా ఉన్నాయి. అత్తగారు బయల్దేరిన రోజు నుంచి గోడ మీంచి దూకినట్టు కింద పడ్డాయి.

“అత్తయ్యా, మీరు బేరమాడారా?”

“ఆడకుండా ఎవరైనా కొంటారా?”

“కొన్నారా!”

“కొనకుండా బేరమాడితే ఏం మర్యాదే? మీ ఆయన కాళ్ళకున్న కొత్త బూట్లు ఎక్కడివనుకున్నావ్?”

గుమ్మంలో నిలబడ్డ కొడుకు మెల్లిగా ఒక కాలు రెండో కాలి వెనక దాచుకున్నాడు. కోడలికి ఏడుపు రావలసింది గానీ నవ్వు వచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఫోన్ అందుకుని సెక్షన్ ఆఫీసరుకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. తప్పు తనదేనని, అనుమానం వచ్చినప్పుడే ఆపవలసిందని కూడా చెప్పింది.

మూడో రోజున ప్రధాన కార్యాలయం నుంచి ఒక అధికారి దిగాడు. పొడుగ్గా, మందపాటి కళ్ళద్దాలతో ఉన్నాడు. ఆయనకు భాష రాదు. కోడలే మంచం మీంచి ఇద్దరి మధ్యా దుబాసీ. అత్తగారు తెచ్చిన ధరలన్నీ పారేయాలన్నాడు ఆయన. మళ్ళీ చేయడానికి గడువు నాలుగు రోజులే.

“పారెయ్యడమెందుకు?” అంది అత్తగారు. “మొదట చెప్పిన ధర కావాలా? రాసుకోమను. బూట్లు, వాడు చెప్పింది రెండు వేల నాలుగు వందలు, నేనిచ్చింది పదిహేడు వందలు. దుప్పటి, చెప్పింది తొమ్మిది వందలు, ఇచ్చింది ఆరు వందల ఇరవై. ఆ దుప్పటివాడు మహా పెంకివాడు, గంటసేపు తిన్నాడు నన్ను.”

నూట నలభైకి నూట నలభై అలాగే చెప్పుకుపోయింది. కళ్ళద్దాలాయన నమ్మలేదు. చీట్లు వేసి ఇరవై వస్తువులు తీశాడు. ముగ్గురూ మార్కెట్టుకు బయల్దేరారు, కోడలు చంక కర్రల మీద.

అత్తగారిని చూడగానే బూట్ల కొట్టువాడు రెండు చేతులూ జోడించాడు. “అమ్మా, మళ్ళీ వచ్చావా! నేను పిల్లలు గలవాణ్ణి!”

“ఇవాళ కొనను లేరా. ఆ రోజు మొదట ఎంత చెప్పావో ఈ బాబుకి చెప్పు.”

ఇరవైలో పద్దెనిమిది అచ్చంగా సరిపోయాయి. మిగిలిన రెండూ ఆ వారంలోనే పెరిగాయని కొట్లవాళ్ళే చెప్పారు.

అయినా కళ్ళద్దాలాయనకు ఒక సందేహం మిగిలింది. బేరమాడితే తగ్గిస్తున్నారు కదా, మరి తగ్గిన ధరే అసలు ధర కాదా? అడిగిన దాంట్లో న్యాయం లేకపోలేదు. కోడలు జాగ్రత్తగా ఆ మాట అత్తగారికి చెప్పింది.

ఆవిడ ఎదురుగా ఉన్న టమాటాల బండి చూపించింది. “ఈయన్నే వెళ్ళి ఒక కిలో కొనుక్కురమ్మను. మనం ఇక్కడే ఉందాం.”

ఆయన వెళ్ళాడు. వేళ్ళు చూపించాడు, తలూపాడు, నోటిచ్చాడు, సంచీతో విజయగర్వంతో తిరిగొచ్చాడు. ఊళ్ళో అందరికీ నలభైకి చెప్పే టమాటాలు ఆయనకు డెబ్భైకి వచ్చాయి. అందులో రెండు కుళ్ళినవి.

“అడుగు,” అంది అత్తగారు, “వీళ్ళు జీతం ఇచ్చేది నాలాంటివాళ్ళకా, ఈయనలాంటివాళ్ళకా?”

కోడలు ఒక్క అక్షరం మార్చకుండా అనువదించింది. ఆయన కుళ్ళిన టమాటాను చేతిలో తిప్పి తిప్పి చూసి, కళ్ళద్దాలు తీసి మరీ నవ్వాడు. మొదట చెప్పిన ధరలే రాయమన్నాడు. డెబ్భై మాత్రం రాయనని కోడలు పట్టుబట్టింది. మోసపోయిన ధర కూడా ధర కాదంది. నలభై రాసింది.

చివరికి లెక్క తేలింది. పద్నాలుగు శాతం తగ్గలేదు, మూడు శాతం పెరిగింది. పెన్షన్లకూ కోత తప్పింది. లైబ్రేరియనమ్మ ఒక పూలకుండీ తెచ్చి అత్తగారి కిటికీలో పెట్టి వెళ్ళింది. ధరలమ్మ జీతం మాత్రం ఆ సర్దుబాటు కిందికి రాదు. ఆ ఊళ్ళో పెట్టుకున్న ఉద్యోగుల లెక్క వేరు. ఆ ఏడాది ఆమెకు పైసా పెరగలేదు. “నీకు బాధగా లేదా?” అని మొగుడడిగితే, “నా కాగితాలు నిలబడ్డాయి కదా” అంది. నిజంగానే ఆ మాటతో ఆమెకు సరిపోయింది.

కట్టు విప్పిన ఆదివారం అత్తగారు ఆమెను మార్కెట్టుకు తీసుకెళ్ళి పాలకూర కొనమంది. కోడలు ధరడిగి మారు మాట్లాడకుండా డబ్బు తీసింది. పంతొమ్మిదేళ్ళుగా అడగడమే తప్ప కొనడం అలవాటు లేదు, ఇంట్లోకి ఎప్పుడూ అత్తగారే తెస్తుంది.

“ఓసి నీ తెలివి తెల్లారా! ఊరందరి ధరలూ రాస్తావు, కట్ట పాలకూర కొనడం రాదా?” అని ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ముందు మొహం చిట్లించు. అలా కాదే, నిజంగా చిట్లించు. ఇప్పుడు రెండడుగులు వెనక్కి నడు.”

ధరలమ్మ నవ్వాపుకుంటూ రెండడుగులు వేసింది. వెనక నుంచి, “సరేలే అమ్మా, ఒక రూపాయి తగ్గించి ఇవ్వు” అని ఆకుకూరలామె కేకేసింది. ఆ రూపాయి నాణేన్ని ఇంటికొచ్చి మొగుడికి మూడుసార్లు చూపించింది.